వల్లించుటయు చదువుటయు

మొన్నటి వేసవిలో మేమొక బంధువుల యింటికి పోయియుండగా, మూడవ తరగతి ముగించి నాలుగవ తరగతిలో చేరబోవు ఆయింటి పిల్ల తన తెలుగు వాచకమును తెచ్చి మాయెదుట కూర్చుండి ఒక పాఠమును చదివెను. ఎక్కడను తడబడలేదు. కంఠము స్పష్టముగా నుండెను, నిలుపవలసినచోట నిలిపెను, పుటలును సరిగానే త్రిప్పెను. ఇంటివారు సంతోషించిరి, మేమును సంతోషించితిమి. పిదప, ఎందుకో తోచి, పాఠము నడుమ నున్న 'చెరువు' అను మాటమీద వ్రేలుంచి, "ఇదేమి మాటమ్మా?" అని అడిగితిమి. పిల్ల క్షణకాలము దానివంక చూచెను. తరువాత తన వ్రేలిని పాఠము మొదటికి జరుపుకొని, పెదవులు మాత్రము కదలించుచు, మొదటినుండి వల్లించుకొనుచు వచ్చి, వ్రేలు మాచూపిన మాటకు చేరినంతనే "చెరువు తాతయ్యా" అని చెప్పెను. మరియొక మాటను చూపితిమి. మరల మొదటికి పోయెను. అదే పుస్తకమున ఇంకను బడిలో చెప్పని పాఠమును తీసి చూపగా, "అది మాకు కాలేదు" అనెను.

ఆపిల్ల మందమతి కాదు. రెండుపుటల పాఠమును అక్షరము తప్పక ధారణచేసి, దానిని ముద్రితమైన పంక్తులతో జతపరచుకొని, కావలసిన మాటను లెక్కించి పట్టుకొనగలిగిన పిల్లను మందమతి యనువారు తామే మందమతులు. ఆమె నాలుగేండ్లు బడికి పోయినది; ఏటేటను పైతరగతికి ఎక్కినది; తనకు చదువు వచ్చుననియే ఆమెయు, ఆమె తల్లిదండ్రులును, ఆమె ఉపాధ్యాయులును నమ్మియున్నారు. ఎవరును ఎవరిని మోసపుచ్చలేదు. వల్లించుటకును చదువుటకును గల భేదమును మన బడులును మన యిండ్లును గట్టిగా పరీక్షించి చూడకపోవుటయే ఇచ్చట జరిగినది. మన తొలివాచకముల కూర్పే వల్లించుటకు తోడుపడి చదువుటకు అడ్డుపడుచున్నదని మా యభిప్రాయము. దానిని ఆ పుస్తకములను ముందుంచుకొనియే విచారించెదము.

ఈరోగము నేటిది కాదు. 1822లో చెన్నపట్టణపు గవర్నరు మన్రో దొరగారు రాజధానియందలి దేశీయపాఠశాలలను గూర్చి ప్రతిజిల్లా కలెక్టరును వివరములడిగిరి. వచ్చిన నివేదికలలో 1823 ఆగస్టున బళ్లారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ గారు పంపినది ముఖ్యముగా చదువదగినది. ఆయన తెలుగునకు ఇంగ్లీషున వ్యాకరణము వ్రాసినవాడు. కావున విని వ్రాసినట్లు గాక ఎరిగి వ్రాసెను. ఆజిల్లాలో నాడు తెలుగు, కన్నడము మొదలగు భాషల బడులు 533. పిల్లలు 6,641 మంది. పిల్లవాడు బడిలో చేరినతోడనే ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుచు, వ్రాతతోనే అక్షరజ్ఞానము పొందునని ఆయన మెచ్చుకొనెను. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పు పద్ధతినిగూడ మెచ్చుకొనెను. కాని బడిలో చదివించు పుస్తకములు పద్యకావ్యములనియు, వాని భాష ఇంటిలోను అంగడిలోను వాడు భాషకు చాల దూరముననున్నదనియు, పద్యములు వందలకొలది అప్పగింపగల పిల్లలకు వాని యర్థము బొత్తిగా తెలియదనియు, అర్థము చెప్పగల గురువులే అరుదనియు ఆయన కనిపెట్టి వ్రాసెను. చిలుకతో పోల్చెను. ఆపోలిక మనకు నొప్పి కలిగించును గాని అబద్ధమని చెప్పజాలము.

ఇందులో నొక విచిత్రము కలదు. ఇసుకలో వ్రాయించుట, పెద్దపిల్లలచేత చెప్పించుట అను ఈరెండు గుణములను 1789లో ఎగ్మూరు అనాథబాలుర శరణాలయమునకు అధికారిగా వచ్చిన ఆండ్రూ బెల్ అను పాదిరి గ్రహించి, తన బడిలో ప్రయోగించి, 1797లో లండనున దానిని గూర్చి పుస్తకము ప్రకటించెను. అది 'మద్రాసు పద్ధతి' అను పేర ఇంగ్లండున వ్యాపించినది. మన గుణము ఓడయెక్కి పోయినది. దోషము మాత్రము ఇంట నిలిచినది. ఇసుక పోయి పలక వచ్చినది, పలక పోయి కాగితము వచ్చినది, కాగితముపై చుక్కలు వచ్చినవి. ఇప్పటి చిన్నపిల్లలు చుక్కలను కలుపుచున్నారు. చుక్కలను కలుపుటకు అక్షరము తెలియనక్కరలేదు.

ఇక పుస్తకములకు వత్తము. 1832లో చెన్నపట్టణమున పుదూరి సీతారామశాస్త్రిగారు కూర్చిన బాలశిక్ష క్రమముగా పెరిగి పెద్దబాలశిక్ష యైనది. దానిని తేలికగా మాటలాడువారితో మేమేకీభవింపము. తాటాకులపై అతుకులబొంతగా నున్న చదువునకు ఒక ఆద్యంతములు గల పుస్తకమును, చౌకగా దొరకు పుస్తకమును, గ్రామగ్రామమున నిలుచు పుస్తకమును ఇచ్చినది అదియే. అక్షరములు, గుణింతము, సంవత్సరముల పేరులు, తిథులు, నక్షత్రములు, కొలతలు, ఎక్కములు, నీతివాక్యములు ఒక్కచోట కూర్చి, బడి దొరకనివానికి బడియైనది. ఒక కుటుంబమునకు అదొక చిన్న విజ్ఞానకోశము. దానిని నేటికిని అచ్చువేయుచున్నారు; పరదేశములలో నున్న మనవారు మనుమలకు బహుమానముగా పంపించుకొనుచున్నారు. వారి యభిమానమును మేము గౌరవించుచున్నాము.

అయినను విమర్శకుడు అభిమానమును పక్కనుంచి పుటలను చూడవలెను. పుస్తకము మొట్టమొదట అక్షరములన్నిటిని నిలువునను అడ్డమునను పరచును. తరువాత గుణింతములు, తరువాత ఒత్తులు, ఆపైని రెండక్షరముల మాటలు, మూడక్షరముల మాటలు, నాలుగక్షరముల మాటలు. ఈవరుసలో పిల్లవాని మనస్సునకు తావెక్కడ? మాట కఠినమగుట దాని పొడవును బట్టి కాదు. 'ఝషము' మూడక్షరములదే, 'అరటిపండు' అయిదక్షరములది. అరటిపండు చేతబట్టుకొన్న పిల్లవానికి ఈరెంటిలో ఏది సులభము? అక్షరముల సంఖ్యనుబట్టి మాటలను పేర్చినవాడు పుస్తకమును చక్కగా పేర్చినాడు. ఆపేర్పు అచ్చుకూటమువానికి అనుకూలము, పండితునకు ముచ్చట. పిల్లవాడు మాత్రము నెలలతరబడి అర్థముతో నిమిత్తములేని ధ్వనులను పలుకుచు, చదువనగా నిదియే గాబోలునని అలవాటుపడును. అర్థము వచ్చునప్పటికి ఆయలవాటు ముదిరియుండును.

అక్షరముల మొత్తమునే చూడుడు. ఏబదియారని పిల్లలచేత చెప్పించుచున్నాము. 1858లో అచ్చయిన బాలవ్యాకరణమున చిన్నయసూరిగారు సంస్కృతమునకు ఏబది, ప్రాకృతమునకు నలువది, తెలుగునకు ముప్పదియారు వర్ణములని విభాగించి చూపిరి. ఛాందసులకు పరమప్రమాణమైన ఆగ్రంథమే తెలుగుపిల్లవానికి మొదట కావలసినవెన్నో చెప్పుచుండగా, మన తొలిపుటలు అంతకు మించిన భారమును ఒక్కసారిగా అయిదేండ్ల పసివాని తలకెత్తుచున్నవి. ఌ అను అక్షరముతో మొదలగు తెలుగుమాట ఏ పిల్లవాని నోటను లేదు. ఙ, ఞ లు విడిగా నెక్కడను పనికిరావు. ఋ కొరకు ఋషిని, ఢ కొరకు ఢంకాను తెచ్చి బొమ్మలు వేయుచున్నారు. ఋషిని చూచిన పిల్ల లెందరో, ఢంకాను చూచిన పిల్ల లెందరో! అరసున్నయు బండిరయు ఈపుటలలో నొక్కచోటనైనను లేవు; వాని లోటు చదువరులకు తోచియుండదు. వ్యాకరణము చదువువారు వానిని నేర్చుకొందురు గాక. అయిదేండ్లవానికి తొందర యేమి?

వంగదేశమున ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు 1855లో 'వర్ణపరిచయము'ను వ్రాయునప్పుడు ఈప్రశ్నయే వేసికొనెను. వంగభాషలో ప్రయోగములేని దీర్ఘ ౠ, ౡ లను తీసివేసెను. అనుస్వార విసర్గలను అచ్చులనుండి హల్లులలోనికి మార్చెను. పదునారు అచ్చులు పండ్రెండయినవి. ఆయన సంస్కృతకళాశాలకు అధ్యక్షుడు. సంస్కృతమునం దభిమానము లేనివాడని ఆయన నెవరనగలరు? అక్షరములు కాగానే చిన్నచిన్న మాటలు, వెంటనే రెండేసి మాటల వాక్యములు ఇచ్చెను. వాన కురియుట, ఆకు కదలుట అను మాటలను తాను తొలిసారి చదివినప్పుడు ధ్వనియు అర్థమును కలిసి తనకు కవిత్వముగా వినబడిన సంగతిని రవీంద్రుడు తన జీవనస్మృతియందు తలచుకొనెను. ఒక తొలివాచకమునకు ఇంతకంటె మెప్పు వేరొకటి యుండదు. మన వాచకములను చదివి పెద్దవారైనవారు వానిలో దేనిని తలచుకొందురు? క గుడిస్తే కి, క కొమ్మిస్తే కు అను పాటను. పాట చక్కనిదే, ముప్పదియారు హల్లులను పదునారు గుణింతములతో పాడినచో అయిదువందల డెబ్బదియారు రూపములగును. పాడినవారందరును విడిగా నొక 'పొ'ను చూపినచో పోల్చుకొనగలరా అని మాత్రము అడుగవలదు.

గుణింతముకంటెను పెద్ద తప్పు ఒత్తుల విషయమున జరుగుచున్నది. దీనిని ఎవరును తగినంతగా గమనించినట్లు మాకు తోచదు. మన వరుసలో ఒత్తులు చివర వచ్చును. అవి కఠినములని అందరి నమ్మకము. కాని తెలుగుపిల్లవానికి మొదట వచ్చిన మాటలేవి? అమ్మ, నాన్న, అన్న, అక్క, తమ్ముడు, చెల్లి, ఇల్లు, అన్నము, పిల్లి, కుక్క, చెట్టు, పువ్వు, వెన్న, బువ్వ. వీనిలో ఒత్తులేని దొక్కటి లేదు! ద్విత్వము తెలుగుభాషకు ప్రాణము. మన బిడ్డలు ఉగ్గుతోనే దానిని నేర్చుకొనిరి. ఒత్తులను ఏడాది చివరకు త్రోసివేసినవాడు ఆయేడాదిపాటు పుస్తకమునుండి అమ్మను, నాన్నను, ఇంటిని, అన్నమును వెళ్లగొట్టినవాడగును. మిగిలినవేవి? వల, తల, గద, నగ, పలక, పడవ. వీనితో ఎన్ని వాక్యములు కట్టగలరు? అందుచేతనే మొదటి తరగతి పుస్తకములలో ఎవరును ఎన్నడును పలుకని వాక్యములు పుట్టుచున్నవి. గోడలకు తగిలించు పటములలో అ క్రింద అమ్మ బొమ్మయు, 'అమ్మ' అను మాటయు నుండును. పిల్లవాడు 'అ' మాత్రము చదివినట్లెంచి, 'మ్మ'ను చదువకుండ విడిచిపెట్టి, బొమ్మను చూచి "అమ్మ" అనును. కన్ను అక్షరముమీద నుండగా నోరు జ్ఞాపకమునుండి పలుకుట అను విద్యకు తొలిపాఠము అదియే. మేము చూచిన పిల్ల నాలుగేండ్ల తరువాత చేసినదియు అదియే.

ఒత్తులు నిజముగా అంత కఠినములా? చాలమట్టుకు హల్లునే తలకట్టు తీసి చిన్నదిగా క్రింద వ్రాయుచున్నాము. త, న, మ, య, ర, ల మొదలగు కొన్నిటికి మాత్రమే వేరు రూపములు. వానిలో మ, న, ల అను మూటి ఒత్తులు నేర్పినచో అమ్మ, నాన్న, అన్న, అన్నము, వెన్న, తమ్ముడు, ఇల్లు, పిల్లి, చెల్లి, పల్లె, మల్లె అన్నియు చేతికి వచ్చును. పదునైదిరువది అక్షరములు, నాలుగైదు గుణింతపు గురుతులు, ఈ మూడు ఒత్తులు మొదటి నెలలలో కలిపి నేర్పి, వానితోనే పిల్లవాడు ఇంట నాడు మాటలను వ్రాయించి చదివించినచో, మిగిలిన అక్షరములు వచ్చుటకు కాలము పట్టినను నష్టము లేదు. మన లిపికి తోబుట్టువైన కన్నడలిపిని నేర్చుకొను పిల్లలను పరిశీలించి సోనాలీ నాగ్ గారు 2007లో ప్రకటించిన పరిశోధనయందు, అక్షరములన్నియు పట్టువడుటకు పిల్లలకు అనేకవత్సరములు పట్టుననియు, మూడవ నాలుగవ తరగతులలో కూడ అది సాగుచునే యుండుననియు తేలినది. ఇంగ్లీషునకు ఇరువదియారే గదా, మనకింత యాలస్యమేల యని నొచ్చుకొనవలసిన పనిలేదు. మన లిపి పలికినట్లు వ్రాయబడును, రూపములు మెండు. దాని స్వభావమున కనుగుణముగా వరుసను మార్చుకొనవలసినది మనమే.

"మేమందరము ఈవరుసలోనే నేర్చుకొంటిమి, మాకు చదువు రాలేదా?" అని పెద్దలనుచుందురు. ఈమాట మేము వందసారులు వినియుంటిమి; మేమును ఒకప్పుడు అనియుంటిమి. దీనికి క్యాంబెల్ గారి లెక్కయే సమాధానము. బళ్లారి జిల్లాలో నాడు తొమ్మిదిలక్షల ఇరువదియేడువేల జనమునకు బడిలో నున్నవారు వేయింటికి ఇంచుమించుగా ఏడుగురు. వారిలోను ఎందరు నిజముగా చదువనేర్చిరో ఎవరును లెక్కింపలేదు. ఆపద్ధతిని దాటివచ్చినవారు దానిని పొగడుచున్నారు. దానిక్రింద నలిగి మధ్యలో బడి మానినవారి సాక్ష్యము పత్రికల కెక్కదు. చదువుకొన్న ఇంట పుట్టినవానికి ఏవరుసయైనను చాలును. వాని తల్లియే రెండవ బడి. బడితప్ప వేరు దిక్కులేని పిల్లవానికి వరుసయే సర్వస్వము.

ఈప్రశ్న నూరేండ్లకు పూర్వమే మనవారికి తట్టకపోలేదు. ఇరువదవ శతాబ్ది తొలిదినములలో ఉత్తరజిల్లాలకు పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చిన జె. ఎ. యేట్సు దొరగారు, పిల్లలు మాటలాడు తెలుగునకును పుస్తకములలోని తెలుగునకును ఇంత దూరమేలనని అడిగెను. ఆప్రశ్ననుండియే గిడుగు రామమూర్తి పంతులుగారి యుద్యమము బలపడినది. 1914లో గురజాడ అప్పారావుగారు తమ యసమ్మతిపత్రమును వ్రాసిరి. జయంతి రామయ్య పంతులుగారు మొదలగు పెద్దలు ఎదిరించిరి. ఆవాదము తెలుగుసాహిత్యమునకు చేసిన మేలు అందరెరిగినదే. బడికి మాత్రము కొంత కీడు కలిగినదని మాకు తోచుచున్నది. పిల్లవాని మాటను పుస్తకములోనికి తెచ్చుట యెట్లు అను ప్రశ్న, ఏభాష సాధువు అను ప్రశ్నగా మారిపోయినది. ఉభయపక్షములవారును నన్నయను, తిక్కనను, శాసనములను సాక్ష్యమునకు పిలిచిరి. మొదటి తరగతి పిల్లవానిని పిలిచినవారు తక్కువ. కాలక్రమమున వ్యవహారభాష గెలిచినది. వాచకములు దానిలోనికి మారినవి. కాని మారినది క్రియారూపము. చేయుచున్నాడు పోయి చేస్తున్నాడు వచ్చినది. పిల్ల దానినిగూడ వల్లించినది. (ఈవ్యాసమును మేమీభాషలో వ్రాయుచు ఇట్లనుట విడ్డూరముగా నుండవచ్చును. పెద్దలు చదువు పత్రికకు ఏభాష వాడినను పెద్దగా హానిలేదు, మాయలవాటు మాది.) పైగా వ్యవహారభాష యనగా ఎవరి వ్యవహారము? ఒకచోట ఆనపకాయ, మరియొకచోట సొరకాయ. ఒకరు చీపురందురు, ఒకరు పొరక యందురు. పిల్లవాడు తన యింటిమాటను పలికినప్పుడు "అట్లనరాదు" అని బడి యన్నచో, వ్యావహారికమును వానికి గ్రాంథికమే యగును.

గిడుగువారి జీవితమున ఈవాదముకంటె మాకు ఎక్కువ విలువగా తోచునది వారి సవరకృషి. పర్లాకిమిడి కొండలయందలి సవరల భాషను వారినడిగి నేర్చి, ఆభాషలోనే పాఠపుస్తకములు వ్రాసి, వారికి బడులు పెట్టిరి. పిల్లవాడు ఎరిగిన భాషతో చదువు మొదలుపెట్టవలెనను సిద్ధాంతమును వాదించుట గాక చేసిచూపిరి. 2004 నాట అవిభక్త ఆంధ్రప్రదేశమున సవర, కోయ, గోండి, కువి మొదలగు ఎనిమిది గిరిజనభాషలలో తొలితరగతుల బోధన నారంభించుట ఆమార్గమున వేసిన మంచి యడుగు. దానిని గూర్చి మన మధ్యతరగతి యిండ్లలో ఎన్నడైనను చర్చ జరిగినదా? జరుగదు. మన పిల్లలు అచ్చట లేరు గదా.

మన యిండ్లలో జరుగు చర్చ వేరు: తెలుగా, ఇంగ్లీషా? 2019 నవంబరులో ఆంధ్రప్రదేశప్రభుత్వము తన బడులలో తొలితరగతులనుండియే ఇంగ్లీషు మాధ్యమమును విధించుచు ఉత్తరువు చేసెను; 2020 ఏప్రిలున ఉన్నతన్యాయస్థానము దానిని కొట్టివేసెను. 2022-23 విద్యాసంవత్సరమున తెలంగాణప్రభుత్వము ఒకటినుండి ఎనిమిదవ తరగతివరకు ఇంగ్లీషు మాధ్యమమును ప్రవేశపెట్టెను. రెండు రాష్ట్రములును ఒకపుట ఇంగ్లీషు, ఎదుటిపుట తెలుగుగా ద్విభాషాపుస్తకములు అచ్చువేయించినవి. ఈమాధ్యమవివాదమున మేమొకపక్షమును పట్టి ఇచ్చట వాదింపబోము. ఇంగ్లీషు కోరు బీదతల్లిని మాతృద్రోహిగా నిందించు సంపన్నుల వ్రాతలు మాకు రోత పుట్టించినవి. వారి పిల్లలు ఏబడిలో చదివిరో కనుగొనుట కష్టము కాదు. మేమడుగునది ఒక్కటే. ఆద్విభాషాపుస్తకమును మా బంధువుల పిల్ల చేతికిచ్చినచో ఏమి చేయును? తెలుగుపుటను వల్లించును, ఇంగ్లీషుపుటను మరింత కష్టపడి వల్లించును. వచ్చినభాషలో చదువుట నేర్వనిది, రానిభాషలో చదువుట నేర్చునా? పూర్వము గ్రాంథిక వ్యావహారిక వివాదము బడిని మరపించినట్లే నేడు మాధ్యమవివాదము బడిని మరపించుచున్నది. మాధ్యమమేదైనను తొలి మూడేండ్లలో పిల్ల కొత్తపుటను విప్పి చదివి అర్థము చెప్పగలుగుచున్నదా అను లెక్కను ఎవరడుగుచున్నారు?

అడుగువారు లేకపోలేదు. ప్రథమ్ అను సంస్థ పూనికతో 2005 నుండి దేశమందలి గ్రామములలో ఇంటింటికి పోయి పిల్లలను ఒక్కొక్కరిగా కూర్చుండబెట్టి చదివించి చూచుచున్నారు. పరీక్ష మిక్కిలి సులభము: ఒక కాగితముపై కొన్ని అక్షరములు, కొన్ని మాటలు, ఒక చిన్నపేరా, ఒక చిన్నకథ, పిల్ల తన భాషలో ఎంతవరకు చదువగలదో చూతురు. ఆకాగితము పిల్ల ఎన్నడు చూడనిది. వల్లించి దాటుటకు వీలులేదు. ప్రభుత్వపాఠశాలల మూడవతరగతి పిల్లలలో రెండవతరగతి కథను చదువగలిగినవారు 2018లో నూటికి 20.9 మంది, మహమ్మారివలన బడులు మూతపడిన పిదప 2022లో 16.3, 2024లో 23.4. ఇది దేశమంతటి లెక్క. కొంత పెరిగినందుకు సంతోషింపవలసినదే. కాని నలుగురిలో ముగ్గురికి మించి ఇంకను ఆకాగితము దగ్గర ఆగుచున్నారు. మూడవ తరగతి ముగియునప్పటికి ప్రతిపిల్లయు చదివి గ్రహింపగలుగవలెనని 2021 జూలైలో కేంద్రప్రభుత్వము ఆరంభించిన 'నిపుణ్ భారత్' 2026-27ను గడువుగా పెట్టుకొన్నది. గడువులు పెట్టుట మనకు కొత్త కాదు. అయినను లక్ష్యమును 'పాఠములు ముగించుట'నుండి 'చదివి గ్రహించుట'కు మార్చుట మేము మనస్ఫూర్తిగా మెచ్చుకొనుచున్నాము. ఆమాటను పాలకులు పలుకుటకు క్యాంబెల్ గారినాటినుండి రెండువందల యేండ్లు పట్టినది.

ఉపాధ్యాయులను నిందించుట సులభము, మేమాపని చేయము. రెండు మూడు తరగతులను ఒక్కగదిలో కూర్చుండబెట్టుకొని, పాఠ్యప్రణాళికను తేదీలవారీగా ముగింపవలసిన వానికి, నలువదిమందిచేత ఒక్కసారి వల్లింపించుటకంటె వేరుదారి కనబడదు. నలువది గొంతులు కలిసినప్పుడు ఎవరు చదువుచున్నారో ఎవరు చదువుట లేదో దేవునికే తెలియవలెను.

మరి పద్యములను మానవలెనా యని కొందరడుగుదురు. మానవలదు. వేమనను, సుమతిని చిన్ననాడు నోటికి పట్టనివారు పెద్దతనమున ఎంత చదివినను వారి తెలుగునకు నడక రాదని మేము దృఢముగా నమ్ముచున్నాము. ధారణ యొక శక్తి. దానిని పోగొట్టుకొనుట తెలివితక్కువ. పద్యమును చెవితో నేర్పుడు, నోటితో పాడింపుడు, పుస్తకము మూసి అప్పగింపించుకొనుడు. అది పాట, దానికి పుస్తక మక్కరలేదు. పుస్తకము విప్పినప్పుడు మాత్రము పిల్లకు తెలియని పుటను విప్పుడు. ఈరెండు పనులను రెండు వేళలయందు చేయించినచో ఒకటి రెండవదాని వేషము వేసికొని మనలను భ్రమపెట్టదు.

ఈ పత్రికను చదువు గృహస్థులకును గృహిణులకును ప్రభుత్వపు పాఠ్యప్రణాళికను మార్చు అధికారము లేదు. పుస్తకమున వ్రేలుంచి ఒక మాట నడుగు అధికారము కలదు. పాఠము నడుమనుండి అడుగుడు; క్రిందిపంక్తినుండి పైకి అడుగుడు; పచారీకొట్టు చీటినిచ్చి, బస్సుమీది యూరిపేరు చూపి అడుగుడు. రానిచో కోపపడవలదు, బడికి పోయి తగవులాడవలదు. ఆరాత్రియే పిల్ల పలికిన వాక్యము నొకదానిని పిల్ల పలికినట్లే, యాసతోకూడ, కాగితముపై వ్రాసి ఆమెయెదుట పెట్టుడు.

మేమును అట్లే చేసితిమి. నాడు సాయంకాలము ఆపిల్ల తమ పెరటిలో పిల్లి అయిదు కూనలను పెట్టినదని మాతో చెప్పెను. ఆమె చెప్పినట్లే, "మా పిల్లి కట్టెల కింద అయిదు పిల్లల్ని పెట్టింది" అని పెద్దయక్షరములతో వ్రాసి ఇచ్చితిమి. మొదట వాచకమును చదివినట్లే గడగడ చదివివేసెను. తాను చెప్పినమాటయే గదా. పిదప కాగితమును చింపి మాటలను విడదీసి కలిపి, తారుమారుగా పరచితిమి. చాలసేపు చూచెను. 'పిల్లి'ని 'పిల్లల్ని'ప్రక్కకు తెచ్చి రెంటిని పోల్చి, "తాతయ్యా, దీనికీ దీనికీ మొదలు ఒకటే" అనెను. తరువాత 'అయిదు'ను ముందుకు, 'పిల్లి'ని వెనుకకు జరిపి, "అయిదు పిల్లల్ని మా పిల్లి కట్టెల కింద పెట్టింది" అని ఒక్కొక్కమాట మీద వ్రేలుంచి నెమ్మదిగా, మునుపటి స్పష్టత యేమియు లేక, తడబడుచు చదివెను. ఇంటివారికి ఆచదువు నచ్చలేదు, పగటిచదువే బాగున్నదనిరి. ఆపిల్ల మాత్రము ముక్కలను గుప్పిటిలో పట్టుకొని, కూనలలో నొకదానికి పేరుపెట్టితిననియు, ఆపేరుకూడ వ్రాసి ఇమ్మనియు మమ్మడిగెను.